మూడు చక్రాల బండికి హ్యాండిల్ ఎక్కడుండాలి

బుల్లెట్‌ను మూడు చక్రాలుగా మార్పించుకున్నవాళ్లలో చాలామంది భుజాల నొప్పి ఇక తప్పదని సర్దుకుపోతారు. తప్పుతుంది. హ్యాండిల్ కొద్దిగా కదిపితే చాలావరకు తప్పుతుంది. గ్యారేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకి సన్నబడింది. గేరు వెయ్యగలదు. సిగ్నల్ దగ్గర నేలకు ఆనించి 190 కిలోలు దాటిన బండిని నిలబెట్టలేదు. అందుకే వెనక రెండు చక్రాలు వేయించి, ఆర్సీలో అడాప్టెడ్ వెహికల్‌గా, అంటే నడిపేవాడి ఒంటికి తగ్గట్టు మార్చిన బండిగా, రాయించుకున్నాను. నేనుండేది బెంగళూరు యలహంకలో, అమ్మ ఉండేది హిందూపురంలో. దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు మీదుగా వంద కిలోమీటర్లలోపే. బండి కొత్తగా మారిన రోజుల్లో గౌరీబిదనూరు చేరేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయేవి. మెడ కిందనుంచి భుజం దాకా పట్టేసేది. మార్చినవాళ్లు వెనక పని శుభ్రంగానే చేశారు. హ్యాండిల్ మాత్రం రెండు చక్రాలప్పుడు ఎక్కడుందో అక్కడే వదిలేశారు.

అసలు తేడా ఎక్కడంటే, రెండు చక్రాల మీద మలుపు తీసుకునేది నడుము. బండిని ఒరిగిస్తాం, చేతులు తోడుంటాయి అంతే. కాస్త వేగంలో కుడికి పోవాలంటే కుడి గ్రిప్పును ముందుకు నొక్కుతాం, చాలామందికి ఆ సంగతి తెలియకుండానే చేతులు చేసేస్తాయి. మూడు చక్రాల బండి ఒరగదు. కుడికి పోవాలంటే ముందు చక్రాన్ని కుడికే తిప్పాలి: కుడి గ్రిప్పును లాగాలి, ఎడమది నెట్టాలి. అదే సమయంలో ఒళ్లు మలుపు బయటివైపుకు తూలుతుంది, ఆ తూలుడు ఆపుకోవడానికి కూడా హ్యాండిల్‌నే పట్టుకుంటాం. మాకళిదుర్గం దగ్గర మలుపుల్లో ఈ రెండు పనులూ ఒకేసారి చేతుల మీద పడతాయి.

దీనికి తోడు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జోడు కడ్డీల, వాలు. ముందు చక్రం నేలను తాకే చోటు, స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకన్నా కొంచెం వెనకుంటుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం తనంతట తాను నేరుగా రావాలని చూసేది దానివల్లే. ఒరిగే బండికి అది మేలు, ఒరగని బండిని తిప్పేటప్పుడు బరువు. హార్లే డేవిడ్‌సన్ 2009 మోడల్‌గా తెచ్చిన ట్రై గ్లైడ్ అనే మూడు చక్రాల బండికి ఫోర్కు కోణమే వేరుగా పెట్టారు, తిప్పడం తేలికవ్వాలని. మన గ్యారేజీల్లో ఫోర్కు జోలికి పోరు. పోకపోవడమే మంచిది, ఆ కొలత తప్పితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మనం ధైర్యంగా మార్చుకోగలిగింది హ్యాండిల్ ఒక్కటే.

ముందు సీటు సంగతి తేల్చండి. నడుముకు ఆనుడు కావాలా, ఇంకాస్త ముందుకు కూర్చోవాలా అన్నది తేలకుండా హ్యాండిల్ ముట్టుకుంటే ఆ పని మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. మా ఇంటి ముందు మా తమ్ముడు పక్కన నిలబడి చూశాడు. నేను సీట్లో వెనక్కి ఆనుకుని, భుజాలు వదిలేసి, మోచేతులు కొంచెం మడిచి, కళ్లు మూసుకుని చేతులు ముందుకు చాపాను. "అన్నా, నీ చెయ్యి పోయిన చోట గ్రిప్పు లేదు, చెయ్యి దానికి జానెడు వెనకే ఆగింది" అన్నాడు. హ్యాండిల్ రావాల్సింది ఆ చోటికే. జానెడు మొత్తం రాకపోయినా, వచ్చినంత మేలే.

మూడు చక్రాల బండికి ఇంకో పరీక్ష ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. హ్యాండిల్‌ను ఒకవైపు పూర్తిగా, లాక్ దాకా తిప్పండి. బయటివైపు చెయ్యి గ్రిప్పును అందుకోవడానికి వీపు సీటు వదిలి ముందుకు రావాల్సి వస్తే ఆ అమరిక పనికిరాదు. బళ్లారి రోడ్డు సర్వీసు దారిలో కుడికి యూటర్న్ తీసుకునేటప్పుడు బయటిదైన ఎడమ చేతికి గ్రిప్పు అందక, క్లచ్ పట్టాలో హ్యాండిల్ తిప్పాలో తెలియని స్థితి వస్తుంది. లోపలివైపు చెయ్యి తొడకో, పొట్టకో, ట్యాంకుకో తగలకూడదు. రెండు వైపులా చూడండి.

అలెన్ కీతో, హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే క్లాంపు బోల్టులు కాస్త వదులు చేసి హ్యాండిల్‌ను మనవైపు తిప్పడం మొదటి పని. ఖర్చు లేదు. చాలా హ్యాండిళ్ల మీద క్లాంపు అంచుకు సరిపోయేలా ఒక చుక్క ఉంటుంది. తిప్పకముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, వెనక్కి రావాలంటే దారి తెలియాలి. మరీ తిప్పితే గ్రిప్పుల చివర్లు కిందికి వాలి మణికట్టు వంకర పోతుంది. హ్యాండిల్ తిరిగితే క్లచ్, బ్రేక్ లివర్లు కూడా తిరుగుతాయి, వాటిని విడిగా సరిచేయాలి: వేళ్లు లివర్ మీద పెడితే ముంజేయి, అరచేయి ఒకే గీతలో ఉండాలి. డిస్క్ బ్రేకైతే ఆయిల్ డబ్బా మరీ పక్కకు వాలకుండా చూడండి. స్విచ్చుల పెట్టె తిరగనని మొరాయిస్తే బలవంతం చెయ్యొద్దు. చాలా బండ్లలో దాని లోపలి చిన్న మేకు హ్యాండిల్‌కున్న రంధ్రంలో కూర్చుని ఉంటుంది.

నాకు తిప్పడం ఒక్కటే చాలలేదు. జేసీ రోడ్డులో రైజర్లు తెచ్చాను, హ్యాండిల్‌ను పైకి లేపడంతో పాటు కాస్త వెనక్కి కూడా తెచ్చే రకం. కొనేటప్పుడు హ్యాండిల్ లావు చెప్పాలి. మామూలుగా మన బండ్లకు 22 మిల్లీమీటర్లు. లావుపాటివి 28.6 కూడా దొరుకుతాయి, అవి ఈ క్లాంపులకు ఎక్కవు. అంగుళం పెంచేసరికే కేబుళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో, రెండు వైపులా లాక్ దాకా తిప్పండి. శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందన్నమాట. ఆ స్థితిలో రోడ్డెక్కకూడదు. క్లచ్ లివర్ దగ్గరుండే కొద్దిపాటి వదులు లాక్‌లో కూడా మిగలాలి. బ్రేక్ గొట్టం, వైర్ల కట్ట ఎక్కడా బిర్రుగా ఉండకూడదు. పొడవు చాలకపోతే పొడవైన కేబుల్ వేయించండి, ఉన్నదాన్నే అడ్డదారిలో లాగి సరిపెట్టొద్దు. బోల్టులు బిగించే వరస, టార్క్ (ఎంత బలంతో బిగించాలన్నది) మాన్యువల్ ప్రకారమే. కొన్ని రోజులు తిరిగాక ఇంకోసారి చూడాలి.

భుజాలకన్నా ఎత్తుగా ఉండే హ్యాండిళ్లు నాకు ఏమాత్రం నచ్చవు. చూపులకే. చేతుల్లో నెత్తురు దిగిపోతుంది, ఒరగని బండిని తిప్పడానికి కావలసిన పట్టు రాదు. కొంచెం వెడల్పైనవి నయం, తిప్పడానికి పెట్టాల్సిన బలం తగ్గుతుంది. కానీ వెడల్పు పెరిగినకొద్దీ లాక్‌లో బయటి చెయ్యి మరింత దూరం పోతుంది, అందుకే వెడల్పు కావాలంటే వెనక్కి కూడా రావాలి.

వేళ్లు చెప్పేది వినండి. చిటికెన, ఉంగరం వేళ్లు మొద్దుబారితే అరచేతి బయటి అంచు మీద బరువు పడుతోందని, అంటే హ్యాండిల్ దూరమో, మరీ కిందో ఉందని నేను అనుకుంటాను. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లయితే మణికట్టు వెనక్కి వంగుతున్నట్టు, లివర్ల కోణం చూసుకోవాలి. సరిచేశాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించండి, అది బండి పని కాదు.

ఒక చేతికే నొప్పి ఉంటే హ్యాండిల్ మీద నేరం మోపకండి. మన రోడ్లు ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి. ఒరగని బండి ఆ వాలును పట్టుకుని ఎడమకే పోతానంటుంది, దాన్ని నేరుగా ఉంచడం రోజంతా చేతుల మీద పడుతుంది. రోడ్డు సమంగా ఉన్నచోట కూడా లాగుతుంటే వెనక రెండు టైర్ల గాలి కొలిపించండి, రెండింట్లో ఒకేలా ఉండాలి. హ్యాండిల్‌ను వంకరగా బిగించి సరిపెట్టడం నేను చూశాను. అది తప్పు.

మా వీధిలోనే పక్కచక్రాల స్కూటరు నడిపే అక్క ఒకరున్నారు. ఇదంతా చూసి "నా బండికీ చేస్తావా తమ్ముడూ" అని అడిగారు. ఆవిడ స్కూటరు హ్యాండిల్ స్టీరింగ్ గొట్టంతో కలిసిన ఒకే ముక్క, క్లాంపుల్లేవు, తిప్పడానికి వీల్లేదు. అక్కడ మనిషినే ముందుకు తేవాలి. సీటు పనివాడితో వెనకభాగంలో గట్టి ఫోమ్ వేయించి, నడుముకు ఆనుడు పెట్టించాం. కూర్చునే చోటు కొంచెం ముందుకు జరిగింది, మోచేతులకు మడత వచ్చింది. లివర్లు కొంచెం కిందికి తిప్పాం, ఆ బండిలో కదిలేవి అవే. ఇప్పుడు కూరగాయల సంచి కాళ్ల దగ్గర పెడితే హ్యాండిల్ తిప్పేటప్పుడు మోకాలికి తగులుతోందట. వెనక బుట్ట కట్టించే పని మిగిలింది.