మాట అనకుండా వచ్చిన కాగితం

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా ల్యాబ్ పర్యవేక్షకురాలు నా బల్ల దగ్గరకు వచ్చి, వాన వచ్చేట్టుందా అని అడిగే గొంతుతోనే, నేను రాసిన ఒక రిపోర్టును సంతకం పెట్టకుండా ఆపానని, అందులో అంకె సరిగ్గానే ఉన్నా జన్యు వరుసను చదవలేదని, వీలు చూసుకుని పొరపాటు నమోదు ఫారం నింపమని చెప్పి వెళ్ళిపోయారు. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. పది నిమిషాలకు అదే సంగతి ఈమెయిల్‌గా వచ్చింది. ఇంగ్లండ్ వచ్చిన ఆరేళ్ళలో నా పనిలో తప్పు పట్టడం అదే మొదలు కావడం వల్ల, ఆ రోజు మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి మోసుకెళ్ళాను.

నేను చేసే పని గురించి చెప్పకపోతే ఆ తప్పు ఎంతటిదో అర్థం కాదు. మన రక్తంలో బి కణాలనే తెల్ల కణాలు ఉంటాయి, జబ్బు క్రిములను పట్టే యాంటీబాడీని ప్రతి బి కణమూ తానే కూర్చుకుంటుంది. 14వ క్రోమోజోము మీద వరుసగా ఉన్న వి జన్యువుల్లో ఒకటి, డి జన్యువుల్లో ఒకటి, ఆరు జె జన్యువుల్లో ఒకటి తీసి అతికించుకుంటే ఆ యాంటీబాడీలో పెద్ద భాగమైన బరువు గొలుసు తయారవుతుంది. ఈ కూర్పును కనిపెట్టినందుకే సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. ఆరోగ్యవంతుడి రక్తంలో ఏ కణం కూర్పు దానిదే. లింఫోమా అనే రక్తకణాల క్యాన్సరులో అలా కాదు, ఒకే కణం సంతతి పెరుగుతుంది కనుక వేల కణాల్లో ఒకే వరుస పదేపదే కనిపిస్తుంది. అల్లూరు దగ్గర మా నాయన విత్తనానికి పండించే నెల్లూరు మసూరి చేను తలలన్నీ ఒకే ఎత్తున ఉంటే ఆయనకు పండగ. నాకు ఇక్కడ ఒకే తీరున కనిపించే రక్తం జబ్బు.

క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అనే నిదానపు బి కణ జబ్బులో ఈ వరుసకు ఉన్న విలువ 1999లో బయటపడింది. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ పనిచేసిన రెండు బృందాలు ఒకే పత్రిక ఒకే సంచికలో ఒకే మాట చెప్పాయి: కణంలోని వి జన్యువును పుట్టుకతో వచ్చిన జన్యువుతో పోల్చినప్పుడు 98 శాతం, అంతకు మించి సరిపోలితే, అంటే మ్యుటేషన్లు, జన్యువులో వచ్చే మార్పులు, దాదాపు లేకపోతే, జబ్బు త్వరగా ముదురుతుంది, తేడా రెండు శాతం దాటితే చాలామంది ఏళ్ళ తరబడి మందు అవసరం లేకుండానే ఉంటారు. మ్యుటేషన్ లేదనే మాట వినడానికి శుభవార్తలా ఉంటుంది గానీ ఇక్కడ అర్థం తిరగబడుతుంది. డాక్టరు ఏ మందు ఎంచుకోవాలన్నదీ కొంత దీన్ని బట్టే ఉంటుంది.

నా చేతికి వచ్చిన నమూనా సరిపోలింది 96.9 శాతం. మ్యుటేషన్లు ఉన్నట్టే, మంచి వర్గమే అని రాసేశాను. కానీ ఆ వి జన్యువు 3-21 అనే రకం. దాని పక్కన అతుకు పడే చోట, సీడీఆర్3 అనే భాగంలో, తొమ్మిదంటే తొమ్మిదే అమైనో ఆమ్లాలు. ఎక్కడెక్కడి రోగుల్లోనో, ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేకపోయినా, దాదాపు ఇదే కూర్పు మళ్ళీ మళ్ళీ దొరుకుతుంది. దాన్ని రెండో సబ్‌సెట్ అంటారు. ఆ గుంపులో చేరిన జబ్బుకు శాతంతో పని లేదు, మ్యుటేషన్లు ఉన్నా లేకపోయినా అది ముదిరే రకమే. సబ్‌సెట్ చూసే ప్రోగ్రాంలో వరుసను వేసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. శాతం చూసి నేను అక్కడే ఆగిపోయాను.

తప్పు నాదే, దానికి వాదన లేదు. కానీ ఆ చెప్పిన తీరు మాత్రం వారమైనా నన్ను వదలలేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు తిడితే వీధి చివరికి వినపడుతుంది, దీపాలు పెట్టే వేళకు వాళ్ళే పిలిచి చేతికి కాఫీ గ్లాసు ఇస్తారు, అంతటితో ఆ తప్పు తీరిపోతుంది. ఇక్కడ తిట్టూ లేదు, కాఫీ కూడా లేదు, ఫారం మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. ఆవిడకు నా మీద కోపం వచ్చిందో లేదో తెలిస్తే సగం భారం దిగేది. ఆవిడను పేరు పెట్టి పిలవాలని చేరిన రోజే చెప్పారు, పిలుస్తున్నాను కూడా. అయినా నాలో నేను మేడం అనే అనుకుంటాను. మేడం అనుకున్న మనిషి నోటి నుంచి ఒక గట్టి మాటైనా పడాలని ఎదురుచూడటం ఇక్కడివాళ్ళకు చెబితే అర్థం కాదు. నిజానికి గట్టిగా అరిచే పర్యవేక్షకులు మన దగ్గర ఎందరి పని మానిపించారో నేనెరుగుదును; అయినా ఆ వారమంతా నా మనసు మా ఊరి వైపే మొగ్గింది.

ఆదివారం ఫోన్లో నాయనకు మొత్తం చెప్పాను. జన్యువుల సంగతి కేళీలతో, అంటే చేలో కలిసి మొలిచే వేరే రకం మొక్కలతో, పోల్చి చెబితే ఆయన వెంటనే అందుకున్నాడు. చేను కంకి వేసినప్పుడు ఆయన వెనకాల గట్టు దిగి కేళీలు ఏరిన దాన్నే కదా నేను. ఎత్తు ఒక్కటే చూస్తే దొరికేవి సగమే, తక్కినవాటిని గింజ మొనన సన్నని మీసం చూసి, ఆకు మొదట్లో రంగు చూసి పట్టాలని నాకు నేర్పింది ఆయనే.

"ఎత్తు చూసి వొదిలేసినావన్న మాట," అన్నాడు.

"అవును నాయనా. దానికి బాధ లేదు. ఒక్క మాటన్నా తిట్టకుండా కాగితం రాయమంటే ఎట్లా?"

"మన చేను విత్తనానికి పనికిరాదని కొట్టేసినప్పుడు ఆ తనిఖీకి వొచ్చినాయన నన్నేమన్నా తిట్టినాడా? చెరువు కట్ట మీద నిలబడి మజ్జిగ తాగి పోయినాడు. పది దినాలకి కాగితం వొచ్చింది. నీకు గురుతు లేదా?"

గుర్తుంది. వెయ్యి కంకులకు రెండు కేళీల వరకే ఒప్పుకుంటారు, మా చేలో అంతకంటే ఎక్కువ తేలాయి. ఆ కాగితాన్ని నాయన ఇనప్పెట్టెలో పాసు పుస్తకం కింద పెట్టాడు. తర్వాతి ఏడాది నన్ను ఆ చేలోకి రెండుసార్లు ఎక్కువ దింపాడు.

ఆ రాత్రే ఫారం తెరిచి, ఏం జరిగింది అన్న గడిలో, శాతం చూసి సబ్‌సెట్ చూడకుండా రాశానని నింపాను. ఎందుకు జరిగింది అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది, రేపు రాస్తాను.