చెంచా పాప చేతికి వచ్చేదాకా

మా పాప అన్నప్రాశన జనవరి మొదట్లో జరిగింది. ఆడపిల్లకు బేసి నెలలో చేయాలని మా అత్తయ్య పంచాంగం చూపించి ఏడో నెలలో ముహూర్తం పెట్టించారు. వెండి గిన్నెలో పరమాన్నం, ఎదురుగా పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు. మా తమ్ముడు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి నాలుకకు తాకించాడు. అంతే, పాప ముఖం ఎర్రబడింది. మెడ వెనక్కి విరుచుకుని, తాగిన పాలన్నీ కక్కేసింది. మొదటిసారి కదా, అలవాటవుతుందిలే అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

పాప 31 వారాలకే పుట్టింది. బరువు 1,400 గ్రాములు. పాలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడింటినీ ఒక లయలో కలపడం పిల్లలకు సుమారు 34 వారాలకు గానీ చేతకాదట. అందుకని ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి, 26 రోజులు నా పాలే పిండి పట్టారు. గొట్టం కదలకుండా చెంపకు ప్లాస్టరు. అది మార్చిన ప్రతిసారీ ఆ లేత చర్మం కందిపోయేది. నోట్లో చేరిన కఫం లాగడానికి ఇంకో గొట్టం. తర్వాత నర్సులు పాలాడైతో, అంటే మన ఉగ్గుగిన్నె లాంటిదే, చుక్క చుక్కగా తాగించారు. ఆ తర్వాత నా దగ్గర తాగడం నేర్చుకుంది. 38వ రోజున హైదరాబాదు మల్కాజిగిరిలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. పాలు చక్కగా తాగుతుంటే మేము ఆ గొట్టాలను మరచిపోయాం. పాప మరచిపోలేదని మాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

అన్నప్రాశన తర్వాత రాగి జావ మొదలుపెట్టాం. చెంచా పెదవికి తగలగానే నోరు బిగించేది. అరటిపండు మెదిపి పెడితే ఓకరింత. ఆపిల్ ఉడికించి వడకట్టి పెట్టినా అంతే. చందమామను చూపించాం, బాల్కనీలో పావురాలను చూపించాం, చివరికి ఫోనులో పాటలు పెట్టాం. ఫోను చూస్తూ ఏమరుపాటుగా నోరు తెరిచినప్పుడు చెంచా పెట్టేసేవాళ్ళం. వారం రోజుల్లో ఫోను చూసినా ఏడవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఫిబ్రవరిలో నేను పాపను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, చేతులు పట్టుకుని, జావ పోశాను. మా ఇళ్ళలో పిల్లలను అలాగే పెంచారు. మా అమ్మ కూడా నన్ను అలాగే పెంచింది. నాలుగు రోజులు పోశాను. నాలుగో రోజు పొలమారింది. ఒక్క క్షణం ఏడుపు కూడా రాలేదు, పెదవులు రంగు మారాయి. మా వారు బోర్లా తిప్పి వీపు మీద తట్టాక గానీ గొంతు పెగలలేదు. ఆ రాత్రంతా పాపను గుండెల మీద వేసుకుని కూర్చున్నాను. మర్నాటి నుంచి చెంచా చప్పుడు వింటే చాలు, పాలు కూడా వద్దని తల తిప్పుకోవడం మొదలైంది.

పిల్లల డాక్టరు మొదట నా ఆదుర్దాను సగం తగ్గించారు. నెలలు తక్కువగా పుట్టిన పిల్లల ఎదుగుదలను పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించాలని చెప్పి, ఆ లెక్కన బరువును గ్రాఫులో గుర్తుపెట్టి చూపించారు. అన్నప్రాశన నాటికి పాప నిజమైన వయసు నాలుగున్నర నెలలే! మెడ నిలవడం, ఆసరాతో కూర్చోవడం, నాలుకతో బయటికి నెట్టే అలవాటు పోవడం, ఇవి కుదిరాకే ఘనాహారం అన్నారు. తాగేటప్పుడు దగ్గు వస్తోందా, ఊపిరి గురగురమంటోందా, మాటిమాటికీ నెమ్ము చేస్తోందా అని గుచ్చి గుచ్చి అడిగారు. అలాంటివి ఉంటే మింగే తీరును ఎక్స్‌రేలో చూడాల్సి వచ్చేదట. మాకు ఆ అవసరం రాలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా ఉంది, ఐరన్ చుక్కల మోతాదు మార్చారు. ఆపైన స్పీచ్ థెరపిస్టుకు చీటీ రాశారు.

మాటే రాని బిడ్డకు స్పీచ్ థెరపిస్టు ఎందుకని అడిగాను. మాటకూ, నమలడానికీ, మింగడానికీ అవే పెదవులు, అదే నాలుక, అదే దవడ కదమ్మా అన్నారు డాక్టరు.

మెట్టుగూడలో మెట్రో ఎక్కి హబ్సిగూడలో దిగేవాళ్ళం. మధ్యలో తార్నాక వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే. 2024లో వాళ్ళు ఇచ్చిన ఆహార సూచనల్లో ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తని ఆహారం మొదలుపెట్టాలని ఉంది. ఆ మాట నాకు కంఠతా వచ్చు. ప్రతిసారీ ఆ స్టేషన్ దాటుతుంటే, ఒళ్ళో ఎనిమిది నెలల బిడ్డ, నోట్లో మెతుకు లేదు అని కళ్ళు తుడుచుకునేదాన్ని.

థెరపిస్టు మొదటి రోజు పాపను ముట్టుకోలేదు. ఇంట్లో తినిపించేటప్పుడు తీసిన వీడియో అడిగారు. దాన్ని ఆపి ఆపి చూపించారు. చెంచా ఇంకా జానెడు దూరంలో ఉండగానే పాప వేళ్ళు విచ్చుకుని బిగుసుకున్నాయి, కనుబొమలు ముడిపడ్డాయి, తల పక్కకు తిరిగింది. "ఇన్నిసార్లు వద్దని చెప్పిందమ్మా, ఎవరూ వినలేదు" అన్నారు. అందులో నింద లేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

తర్వాత నన్ను కుర్చీలో వెనక్కి వాలమన్నారు. కళ్ళు మూసుకోమని, ఒక గిన్నె పెరుగు తీసుకుని గబగబా నా నోట్లో పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి మింగకముందే ఇంకొకటి. చెంచాను పైకి ఎత్తి, పెరుగును నా పై పెదవికి రాస్తూ బయటికి లాగారు. మూతి తుడిచారు, మళ్ళీ పెట్టారు. నాలుగో చెంచాకు నా చెయ్యి దానంతట అదే లేచి ఆవిడ చేతిని నెట్టేసింది. పక్కన కూర్చున్న అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మెట్రోలో తిరిగి వస్తుంటే మెల్లగా అన్నారు, "పసిదానికి ఎంత భయం వేసి ఉంటుందో కదా అమ్మా."

మొదటి రెండు వారాలు ఇంట్లో చెంచానే బయటికి తీయలేదు. పాలు మాత్రం ఎప్పటిలా. నేను ఆకలితో చంపుతున్నానేమోనని భయపడతానని తెలిసే కాబోలు, పదిహేను రోజులకొకసారి బరువు చూసే ఏర్పాటు చేశారు. మేము భోజనానికి కూర్చున్నప్పుడల్లా పాపను మా పక్కనే కూర్చోబెట్టాలి, ఏమీ పెట్టకూడదు. ఈ "ఏమీ పెట్టకూడదు" అన్నదే నాకు అన్నింటికన్నా కష్టమైంది.

కూర్చునే తీరు సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. మా ప్లాస్టిక్ కుర్చీలో పాప కాళ్ళు గాలిలో వేలాడేవి. పాదాలకు ఆనిక లేకపోతే బిడ్డ బలమంతా పడిపోకుండా కాచుకోవడానికే పోతుందని, ఇక నాలుకకు, దవడకు ఏం మిగులుతుందని థెరపిస్టు వివరించారు. మామయ్యగారు పూజగదిలోంచి చిన్న చెక్కపీట తెచ్చి, పాదాలు సరిగ్గా ఆనే ఎత్తులో కుర్చీకి కట్టారు. నడుముకు ఇరుపక్కలా చుట్టిన తువ్వాళ్ళు. తుంటి, మోకాలు, చీలమండ, మూడూ లంబకోణంలో ఉండాలి. ఆ పీట కట్టిన రోజున పాప కాళ్ళతో దాన్ని తన్నుతూ నవ్వింది. ఆ కుర్చీలో నవ్వడం అదే మొదలు.

ఐరన్ చుక్కల విషయమూ అప్పుడే తేలింది. తుప్పు రుచి ఉండే ఆ మందును మేము భోజనానికి ముందు, అదే కుర్చీలో, నోరు తెరిపించి వేసేవాళ్ళం. మందుకు వేరే చోటు, వేరే వేళ చూసుకోమన్నారు.

ఆ తర్వాత చేతుల వంతు. పాపకు అరచేతికి తడి తగిలితేనే ఏడుపు. అందుకని ముందు చపాతీ పిండి ముద్దతో ఆడించాం. అది అలవాటయ్యాక మెత్తగా ఉడికిన చిలగడదుంప, ఆ తర్వాత స్టీలు పళ్ళెంలో పెరుగు. నోటి దగ్గరికి నేరుగా పోకుండా భుజం నుంచి మొదలుపెట్టి, చెంపలకు, అక్కడి నుంచి పెదవులకు పాట పాడుతూ వేళ్ళతో తాకేదాన్ని. తల తిప్పిందా, అక్కడితో ఆపేయడమే. ఆపితే మొండితనం నేర్చుకుంటుందేమో అనుకున్నాను. ఆపడం మొదలుపెట్టిన పది రోజులకు తనే నా వేలు పట్టుకుని చిగుళ్ళకు ఆనించుకుంది.

మార్చి చివర్లో రెండు చెంచాలు వచ్చాయి, ఒకటి నాది, ఒకటి తనది. తనది ఎప్పుడూ తన చేతిలోనే. నాది లోతు లేనిది. ఎదురుగా కూర్చుని, కంటి ఎత్తులో తెచ్చి, కింది పెదవి దగ్గర ఆపాలి. నోరు తెరిచి తనే ముందుకు వస్తే, నాలుక మీద కొంచెం ఆనించి, పైకి ఎత్తకుండా తిన్నగా బయటికి తీయాలి. రాకపోతే చెంచా వెనక్కి. ఒక పూట మొత్తానికి ఒక టీస్పూను, ఇరవై నిమిషాలు మించకూడదు. మొదట నా పాలలో ముంచిన చెంచా, తర్వాత ఆ పాలలోనే కలిపిన రాగి పిండి గంజి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో పాప ఇష్టం అన్నది ఆవిడ చెప్పిన సూత్రం. మా ఇంట్లో "ఎన్ని చెంచాలు తింది?" అనే ప్రశ్నను ఆపించడానికి మాత్రం నెలరోజులు పట్టింది. ఆఫీసు నుంచి మా వారు కూడా ఫోను చేసి అదే అడిగేవారు.

ఓకరింతకూ, గొంతుకు అడ్డుపడటానికీ తేడా తెలియక ముందు నేను ప్రతిదానికీ ఉలిక్కిపడేదాన్ని. ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, తనే బయటికి తెచ్చుకుంటుంది. అడ్డుపడిన బిడ్డకు చప్పుడే రాదు. ఏడాదిలోపు పిల్లలకు అలా జరిగితే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు చరుపులు, తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు. మా వారూ, నేనూ, అత్తయ్యా బొమ్మ మీద సాధన చేశాం. అది నేర్చుకున్నాక నా ముఖంలో భయం తగ్గింది. అప్పటిదాకా నా ముఖం చూసే పాప భయపడేదని నా నమ్మకం.

ఏప్రిల్‌లో జలుబు, జ్వరం. నెలరోజుల శ్రమ వారంలో పోయింది, మళ్ళీ వట్టి చెంచాతో మొదలు. అది కుదుటపడేలోగా ఒక పెళ్ళిలో దగ్గరి బంధువు ఒకావిడ, నేను చీర సర్దుకుంటుండగా, ముద్దుగా ఒక లడ్డూ తునక పాప నోట్లో పెట్టేశారు. ఆ పూట పాప ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను అందరి ముందూ గట్టిగా మాట్లాడాను. అత్తయ్య నన్ను వారిస్తారనుకున్నాను. ఆవిడ పాపను ఎత్తుకుని, "ఈ బిడ్డ నోటి దగ్గరికి తనను అడగకుండా ఎవరూ చెయ్యి తేవద్దు" అన్నారు.

మే నెలలో మామయ్యగారు మోండా మార్కెట్ నుంచి బంగినపల్లి మామిడిపళ్ళు తెచ్చారు. భోజనాలయ్యాక ముక్కలు కోసి, టెంకను పళ్ళెంలో పక్కన పెట్టారు. పాప పీట మీద కాళ్ళు ఆడిస్తూ చూస్తోంది. చెయ్యి చాపింది. పెద్ద టెంక, నోట్లో పట్టదు, మింగేది కాదు. మామయ్యగారు దాని మీది కండను ఇంకొంచెం గీసి ముందు పెట్టారు. రెండు చేతులతో పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. నాలుకతో తాకి ముఖం చిట్లించింది, ఒకసారి ఓకరించింది, నా వైపు చూసింది. నేను కదలలేదు, నా చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మళ్ళీ నోట్లో పెట్టుకుంది. పావుగంట సేపు చీకింది. గడ్డం, మెడ, మోచేతులు, పీట, అంతా పసుపు. ఎవరం తుడవలేదు. అత్తయ్య పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మామిడి తర్వాత మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. కొన్నింటిని పది పన్నెండుసార్లు పళ్ళెంలో పెట్టాకే ముట్టుకుంది. సొరకాయ, నెయ్యి వేసిన మెత్తని పెసరపప్పు, గుడ్డు పచ్చసొన. ఏడాది లోపు ఉప్పు, పంచదార, తేనె లేవు. తేనె నాకించాలన్న అత్తయ్య కోరికను డాక్టరు మొదట్లోనే కాదన్నారు, అందులో పసిపిల్లలకు ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చట. అంగన్‌వాడీ టీచరమ్మ ఇచ్చే బాలామృతం ప్యాకెట్ మాత్రం, అందులో పంచదార ఉన్నందువల్ల, పుట్టినరోజు దాటాకే విప్పాం.

ఇప్పుడు పాపకు పదహారు నెలలు. ఇడ్లీ తుంచుకుని తింటుంది. పెరుగన్నం మెత్తగా ఉంటే తింటుంది, పలుకు తగిలితే ఉమ్మేస్తుంది. చారులో వేసిన ఏ ముక్కనూ నమ్మదు. నెలకొకసారి హబ్సిగూడ వెళ్తున్నాం, ఈ నెల నమలడం మీద పని. ఐరన్ చుక్కలు ఇప్పటికీ హాల్లో కిటికీ దగ్గర, అత్తయ్య ఒళ్ళోనే వేస్తాం. భోజనం కుర్చీ దరిదాపులకు ఆ సీసా రానివ్వం.