మా బావ నీలం ఉంగరం బేరం
ఏలినాటి శని అని ఎవరో చెప్పారంట, మా బావ నీలం ఉంగరం పెట్టాల్సిందే అని పట్టుబడితే నెల్లూరు ఆచారి వీధికి తోడు పోయినా. శని సంగతి నేను నమ్మను గానీ ఆ షాపులో పెద్దాయన ఒక్కో రాయి చూపిస్తా చెప్తుంటే టైమే తెలీలేదబ్బా. నీలం, కెంపు రెండూ ఒకటే ఖనిజం, కొరండం, అందులో క్రోమియం ఉంటే ఎర్రగా కెంపు, ఐరన్ టైటానియం కలిసుంటే నీలం, మనోళ్లు కనక పుష్యరాగం అని కొనే పసుపు రాయి కూడా ఈ జాతే. గట్టిదనంలో మోస్ స్కేల్ మీద 9, దీనికి పైన వజ్రమే.

లూప్, అదే రాళ్లు చూసే చిన్న భూతద్దం, చేతికిచ్చి చూడు నాయనా అన్నాడు. ఒక రాయి లోపల సన్నటి తెల్ల సూదులు అడ్డదిడ్డంగా ఉండాయి, అది రూటైల్ అనే ఇంకో ఖనిజమంట, ఆ సూదుల్ని సిల్క్ అంటారు. ఇంకోదాంట్లో గుండ్రటి బుడగలు, అది ఉత్త గాజు. పైకి చూస్తే గాజుదే ఎక్కువ మెరుస్తా ఉంది!

మార్కెట్లో వచ్చే నీలాల్లో చాలా వరకు రంగు తేలడానికి బాగా వేడి చేసినవే, అది మోసం కాదు, చెప్పకుండా అమ్మితేనే మోసం. వేడి చేయని కాశ్మీర్ నీలం అయితే మనబోటోళ్లకి అందే మాట కాదు, శ్రీలంక రాయి రేటుకే మా బావ "శని కంటే ముందు నువ్వే పట్టేట్టున్నావే సామీ" అన్నాడు. ల్యాబ్ సర్టిఫికెట్‌లో వేడి చేశారా లేదా అని రాసుంటేనే కొందామని చెప్పి బావని తీసుకొచ్చేసినా, అక్క మాత్రం అసలొద్దంటోంది.