మార్లిన్‌ని పట్టేది కుర్చీలో కూర్చున్నాయన కాదు

మారిషస్‌లో నేను చేసింది డీజిల్ మెకానిక్ పని. దీవికి పడమటి ఒడ్డున బ్లాక్ రివర్ అని ఒక ఊరుంది. టూరిస్టుల్ని పెద్ద చేపల వేటకి తీసుకెళ్లే బోట్లు అక్కడ వరసగా కట్టి ఉంటాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బ్లూ మార్లిన్ సీజన్, మూతి ఈటెలా పొడుచుకొచ్చి ఉండే పెద్ద చేప అది. ఆ రోజుల్లో కస్టమర్ బోటులో ఉండగా ఇంజన్ ఆగిపోతే పరువు పోతుందని మా యజమాని నన్ను కూడా తరచూ ఎక్కించేసేవాడు. నేను చూసినదంతా అలా చూసిందే.

ఇంటికొచ్చాక అంతర్వేది పల్లిపాలెంలో మా బాబాయి మొదట అడిగింది, "ఒరే, అంత డబ్బు కట్టి చేపని పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తారంట, నిజమేనా?" అని. నిజమే బాబాయ్, చాలామంది వదిలేస్తారు. వదలకుండా ఉంచుకున్న చేప అయితే అక్కడి ఆనవాయితీ ప్రకారం బోటుకే చెందుతుంది, కస్టమర్‌కి ఓ ముక్క ఇస్తారు. ఆ మాంసాన్ని పొగబెట్టి, పల్చగా కోసి హోటళ్లలో పెడతారు. డబ్బు కట్టినవాడికి చేప రాదని చెప్పేసరికి బాబాయి నవ్వు ఆపుకోలేకపోయాడు.

మార్లిన్ అంటే మనకి కొత్త చేపేం కాదు. మన రేవుల్లో కొమ్ముకోనాం అంటాం. వీపు మీద తెరచాపలా రెక్క లేచి ఉండే సెయిల్‌ఫిష్‌నీ, నల్ల మార్లిన్‌నీ కలిపి అదే పేరుతో పిలుస్తాం. వేలం పాటలో ఎవరికీ తేడా అక్కర్లేదు, కాటా మీద ఎంత తూగిందన్నదే లెక్క.

అక్కడి వేటలో సగం పని చేప కనపడక ముందే అయిపోతుంది. రీఫ్, అంటే ఒడ్డు చుట్టూ ఉన్న పగడపు దిబ్బ, దాటిన కాసేపటికే వందల మీటర్ల లోతు వచ్చేస్తుంది. అక్కడి నుంచి బోటు ఏడెనిమిది నాట్ల, అంటే గంటకి సుమారు పద్నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగైదు లైన్లు వెనక లాగుతుంది. బోటుకి రెండు వైపులా రెక్కల్లా చాచిన పొడుగాటి కర్రలుంటాయి, అవుట్‌రిగ్గర్లు అంటారు. లైన్లు ఒకదానికొకటి చిక్కుపడకుండా దూరంగా పట్టి ఉంచేవి అవే. కొసన రంగు రబ్బరు కుచ్చుల ఎరలు. అవి నీటి పైపైన ఎగురుతూ, మునిగి బుడగల తోక వదులుతూ, పారిపోతున్న చిన్న చేపల్లా కనపడాలి. ఏ ఎర ఎంత దూరంలో, ఏ అల ముఖం మీద ఆడాలో బోటు నడిపే సరంగు చూస్తూనే ఉంటాడు, నచ్చకపోతే రెండడుగులు లాగిస్తాడు. కస్టమర్ ఆ టైములో టీ తాగుతుంటాడు.

కొన్ని బోట్లకి చేపలు వాటంతట అవే పైకి వస్తాయనీ, ఇంజన్ చప్పుడులో ఏదో ఉంటుందనీ అక్కడి సరంగుల నమ్మకం. నేను సగం నమ్ముతాను. షాఫ్టు అలైన్‌మెంటు సరిచేసి వణుకు తగ్గించాక ఒక సరంగు వచ్చి, నీవల్లే చేపలు పడుతున్నాయని నాకు బీరు ఇప్పించాడు. కాదని ఎందుకంటాను!

మార్లిన్ ఎర అందుకోగానే అవుట్‌రిగ్గర్ క్లిప్పు టప్పున ఊడుతుంది, రీలు కీచుమని అరుస్తుంది. ఆ అరుపు వింటే ఎంత అలవాటున్నవాడికైనా కడుపులో టెన్షన్ పుడుతుంది. డెక్ కుర్రాళ్లు మిగతా లైన్లన్నీ గబగబా చుట్టేస్తారు. కస్టమర్‌ని వెనక ఉన్న పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు పలక మీద తన్నిపెట్టి, నడుము చుట్టూ పట్టీ వేసి దాన్ని రీలుకి తగిలిస్తారు. 80 పౌండ్ల లాగుడు దాకా తట్టుకునే లైను అయితే రీలు బ్రేకు 25 పౌండ్ల చుట్టూ బిగిస్తారు, మామూలుగా లైను బలంలో మూడోవంతు దగ్గర ఉంచుతారు. రెండు వందల కిలోల చేప అలాంటి దారానికి వేలాడుతూ గాల్లోకి లేచి, తోక మీద నిలబడి తల విదిలిస్తుంటే, దారం తెగకుండా ఉండడానికి కారణం కుర్చీలో ఉన్నాయన కండలు అనుకుంటారు చూసేవాళ్లు.

కారణం గేర్‌బాక్సు. చేప పరిగెత్తితే దారం అయిపోకముందే బోటు దాని వెంట వెనక్కి పోవాలి. సరంగు పైన నిలబడి, ముఖం వెనక్కి తిప్పి, ఒక ఇంజన్ ముందుకి, ఇంకోటి వెనక్కి వేస్తూ చేప ఎటు తిరిగితే అటు బోటు వీపు తిప్పుతాడు. రివర్స్‌లో జోరుగా పోతుంటే వెనక అంచు మీంచి అలలు డెక్ మీదకి ఎక్కేస్తాయి, అందరూ మోకాళ్ల దాకా తడుస్తారు. నిమిషానికి పదిసార్లు గేరు మార్చే ఆ గంటలో నా చెవి కింద ఉన్న గేర్‌బాక్సు మీదే. ఆయిల్ కూలర్‌లో నాచు పేరుకుపోయి ఉంటే అప్పుడే బయటపడుతుంది. కస్టమర్ చేసేది బోటు వదులు ఇచ్చినప్పుడు రీలు చుట్టడం, చేప లాగినప్పుడు ఊరుకోవడం. అదీ కష్టమే, కాదనను, చేతులు పడిపోతాయి. అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం నిబంధన ప్రకారం చేప తగిలాక రాడ్డునీ రీలునీ ఇంకెవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే రికార్డుకి పనికిరాదు. బోటుని ఎంత ముట్టుకున్నా ఫర్వాలేదన్నమాట!

ఆ రికార్డుల్లో నల్ల మార్లిన్‌ది 1953లో పెరూ దేశంలో కాబో బ్లాంకో దగ్గర పడింది, 1,560 పౌండ్లు, అంటే 707 కిలోల పైన. ఇప్పటికీ ఆ రికార్డుని దాటిన నల్ల మార్లిన్ లేదు. అంత పెద్దవన్నీ ఆడవే, మగవి వాటికన్నా చాలా చిన్నవిగానే ఉండిపోతాయి. వదిలేయడానికి ఒక కారణం ఇది కూడా. పెద్దదాన్ని చంపితే గుడ్లు పెట్టేదాన్ని చంపినట్టే.

అన్నిటికన్నా ప్రమాదం చివర్లో. చేప దగ్గరికొచ్చాక ఒక కుర్రాడు మందపాటి గ్లవ్స్‌తో ఆఖరి దారాన్ని, అంటే లీడర్‌ని, చేతికి రెండు చుట్లు చుట్టి లాగుతాడు. చేప ఒక్కసారి కిందికి డైవ్ చేస్తే చుట్లు వదిలేయాలి, వదలలేకపోతే మనిషి కూడా వెళ్తాడు. మనవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక వేటగాణ్ణొకణ్ణి తాడు లాగుతుండగా కొమ్ముకోనాం నీళ్లలోకి లాక్కుపోయింది. మా బాబాయి అరచేతుల్లో తాడు కోసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. కుర్చీ లేదు, బ్రేకు లేదు, బోటుకి ఒకటే చిన్న ఇంజను. చేప అలిసేదాకా తాడు వదులుతూ, లాగుతూ, ఫైబర్ బోటునే దాని వెంట పోనిస్తాడు. రెండు ఇంజన్లతో సరంగు చేసేది ఆయన చేతులతో చేస్తాడు.

బ్లాక్ రివర్‌లో నేను ఎక్కువగా తిరిగిన సరంగు కూడా తెలుగు మూలాలవాడే. తెలుగు ముక్క రాదు, మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. కానీ ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం ఉంది, అమ్మోరు పండుగ చేస్తారు. ఉగాదికి ఆ దేశమంతా సెలవు. వాళ్ల ముత్తాతల కాలంలో కూలీలు మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్లే కాబట్టి అక్కడ తెలుగువాళ్లని చాలాకాలం కోరంగీలు అనేవారు. కోరంగి మా ఊరికి ఎంత దూరమని అడిగితే బస్సులో ఒక పూట అన్నాను. చాలాసేపు ఆ బస్సు గురించే అడిగాడు.

కాకినాడలో ఒక ఫ్రెండు ఇక్కడ కూడా అలా డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్లే చార్టర్ బోటు పెడదామంటున్నాడు. చేప ఉంది, సరంగులున్నారు. లోతు కూడా ఉంది, గ్యాస్ తీసే కేజీ డీ6 బావులే వందల మీటర్ల లోతులో ఉన్నాయి. రిగ్గుల నీడకి సూరలు, అంటే ట్యూనా చేపలు, చేరతాయి గానీ రిగ్గులు ఉన్నచోట 500 మీటర్ల లోపలికి పోకూడదు. చిక్కంతా మిగతావాటితో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ తర్వాత గోదావరి ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం పోతుంది, మార్లిన్‌కి కావలసింది నీలి నీళ్లు. అక్టోబర్ నుంచి వాయుగుండాలు. మిగిలేది జనవరి నుంచి మార్చి. అప్పుడైనా గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మొగలో ఇసుక మేట వేసి ఉంటే పోటు వచ్చేదాకా బోటు కదలదు, గంట లెక్కన డబ్బు కట్టినాయన ఆ టైములో ఏం చేస్తాడు? కాబట్టి కాకినాడ నుంచే పోవాలి. ఫ్రెండు అప్పుడే ఫైటింగ్ చైర్, అంటే కస్టమర్ కూర్చునే ఆ పెద్ద కుర్చీ, ధరలు కనుక్కుంటున్నాడు. ముందు రెండు ఇంజన్లూ, రివర్స్ దెబ్బలు తట్టుకునే గేర్‌బాక్సులూ చూడమన్నాను. సరంగుగా మా బాబాయిని అడిగాను, జీతం ఎంతో తేలాక చెప్తానన్నాడు.