ఫిలడెల్ఫియాలో నాన్న, ఒక పాత అర్జీ

అమ్మానాన్నా న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్ వచ్చి రెండు నెలలైంది. నయాగరా అయింది, న్యూయార్క్ అయింది, గుళ్ళన్నీ అయ్యాయి. వాటి గురించి కొత్తగా రాయడానికేం లేదు. ఫిలడెల్ఫియా కూడా అలాగే అయిపోతుందనుకున్నాను. గంటసేపట్లో లిబర్టీ బెల్ అనే ఆ పగిలిన గంట చూపించేసి, భోజనాల వేళకి వెనక్కి తిరగాలని నా ప్లాను.

బెన్ ఫ్రాంక్లిన్ బ్రిడ్జి దగ్గరే చిరాకు మొదలైంది. ఫిలడెల్ఫియాలోకి వెళ్ళేటప్పుడే టోల్, న్యూజెర్సీకి తిరిగొచ్చేటప్పుడు లేదు. ఊళ్ళో పార్కింగ్ సంగతి చెప్పక్కర్లేదు. గ్యారేజీ బోర్డు మీద అంకె చూసి నాన్న ఠక్కున రూపాయల్లోకి మార్చేశారు. "ఈ డబ్బుతో మనూళ్ళో ఆటోకి నెలవారీ బేరం కుదురుతుందిరా" అన్నారు. అమ్మ వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ ఊరు మాంసం శాండ్‌విచ్‌కి ప్రసిద్ధి అని ఎవరో చెప్పారట, ఆ జాగ్రత్త.

గంట దగ్గర లైను వీధి మలుపు దాకా ఉంది. చెస్ట్‌నట్ స్ట్రీట్ వైపు అద్దంలోంచి బయటికే కనిపిస్తుంది కాబట్టి అక్కడే నిలబడి చూసేశాం. "పగులు కనిపించింది, చాల్లే" అంది అమ్మ.

ఇండిపెండెన్స్ హాల్ టూరుకి ఇంకా టైముంది. ఆ లోపు కార్పెంటర్స్ హాల్‌కి నడిచాం, రెండు బ్లాకులు. నాన్నకి ఆ పేరు తెగ నచ్చింది. అది నిజంగానే వడ్రంగి మేస్త్రీల సంఘం కట్టుకున్న భవనం, ఇప్పటికీ వాళ్ళదే. 1774 సెప్టెంబరులో, అమెరికా ఇంకా బ్రిటన్ కింద ఉన్నప్పుడు, పన్నెండు వలసల నాయకులు మొదటిసారి సభగా కూర్చున్నది ఇందులోనే. పదమూడోది జార్జియా, రాలేదు. బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేసినందుకు బ్రిటన్ ఆ రేవునే మూసేసింది. దానికి వీళ్ళు చేసిందేమిటి? బ్రిటిష్ సరుకు కొనం అని కట్టుబాటు పెట్టుకున్నారు, రాజుగారికి అర్జీ రాశారు. అంతే. స్వాతంత్ర్యం కావాలని ఏ తీర్మానంలోనూ అడగలేదు.

"ఆ టీ ఎవరిదో తెలుసా?" అన్నారు నాన్న. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి, ప్రశ్న వేస్తే జవాబు కూడా ఆయనే చెప్పుకుంటారు. "ఈస్టిండియా కంపెనీది. మన రాజమండ్రి సర్కారు ఏలిన కంపెనీయే. 1766లో ఇక్కడివాళ్ళు గొడవచేసి, కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం రద్దు చేయించుకున్నారు. అదే ఏడాది నిజాం మన సర్కారు జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చాడు." ఆ చెప్పడంలో కాస్త ఉక్రోషం ఉంది, నిజాం పక్కింట్లో ఉన్నట్టు.

ఇండిపెండెన్స్ హాల్ టికెట్టు ఉచితమే, ముందే బుక్ చేసుకుంటే మనిషికో డాలరు. బెల్టు విప్పించే చెకింగ్ అయ్యాక, ఇరవై ముప్ఫై మందిని ఒక గదిలోకి పంపారు. మా మండల పరిషత్ మీటింగ్ హాలు కంటే పెద్దదేం కాదు. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లలు, చెక్క కుర్చీలు. దేశం పుట్టిన గది ఇంత చిన్నదా అని నాకు కాస్త నిరాశగా అనిపించింది. ఫోటోలు తీసుకుని బయటపడదామనే ఉన్నాను. నాన్న మాత్రం చెక్క కటకటాల దగ్గర కదలకుండా నిలబడ్డారు.

ఆయన్ని ఆపింది టూరు చెప్పే రేంజరు అన్న ఒక మాట. 1775 జూన్ 15న ఈ గదిలోనే వాషింగ్టన్‌ని సేనాధిపతిగా ఎంచుకున్నారు. అప్పటికే లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో తుపాకులు పేలాయి. మూడు వారాలు తిరక్కుండా, జులై 5న, ఇదే గదిలో రాజుగారికి మళ్ళీ ఒక అర్జీ ఆమోదించారు. మేం మీ విధేయులైన ప్రజలం, తప్పంతా మీ మంత్రులది అంటూ. దాని వెనకున్న మనిషి జాన్ డికిన్సన్. అర్జీ లండన్ చేరింది, రాజు తీసుకోనే లేదు. ఆగస్టు 23న వీళ్ళని తిరుగుబాటుదారులని ప్రకటించాడు.

నాన్న నావైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. రిటైరైనప్పటి నుంచి ఆయన పని అర్జీలు రాయడమే. పెన్షన్ బకాయిలకి ఒక ఆఫీసుకి మూడేళ్ళుగా రాస్తున్నారు. కాలువ గట్టు రోడ్డుకి వేరే ఫైలు. ప్రతిదాని కింద "తమరి విధేయుడు". ప్రతిదానికీ ఒక కార్బన్ కాపీ, ట్రంకు పెట్టెలో. ఫోన్లో పిటిషన్ పెట్టొచ్చు కదా అని నేను అరిచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పక్క భవనంలో మసక వెలుతురులో డిక్లరేషన్, అంటే స్వాతంత్ర్య ప్రకటన, అచ్చుప్రతి ఒకటి ఉంది, 1776లో అచ్చయినదే. అసలు కాగితం వాషింగ్టన్ డీసీలో ఉందిగా. జనం ఒక చూపు చూసి వెళ్ళిపోతున్నారు. నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకుని మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టారు. వెనకాల లైను ఆగిపోయింది. ఒకావిడ గొంతు సవరించుకుంది. నేను సారీ చెప్తూ నిలబడ్డాను.

"ఇది చూడు" అని అద్దం మీద వేలు పెట్టబోయి ఆపుకున్నారు. రాజు ఇది చేశాడు, రాజు అది చేశాడు అని ఇరవై ఏడు ఆరోపణలు. ఏడాది క్రితం రాజుని వదిలేసి మంత్రుల్ని తిట్టినవాళ్ళే. ఆరోపణలన్నీ అయ్యాక ఒక వాక్యం: మేం ఎంతో వినయంగా అర్జీలు పెట్టుకున్నాం, మళ్ళీ మళ్ళీ పెట్టిన ఆ అర్జీలకి మళ్ళీ మళ్ళీ గాయాలే జవాబుగా వచ్చాయి అని.

"వీళ్ళూ కాపీలు దాచుకున్నార్రా" అన్నారు.

బయట గడ్డి మీద కూర్చుని పులిహోర తింటుంటే లెక్క తేల్చారు. మొదటి సభ నుంచి స్వాతంత్ర్య తీర్మానం దాకా ఇరవై రెండు నెలలు. మన కాంగ్రెస్‌కి 1885 నుంచి 1929 డిసెంబరులో లాహోర్‌లో పూర్ణ స్వరాజ్యం అనేదాకా నలభై నాలుగేళ్ళు. మరి డికిన్సన్ ఏమయ్యాడని అమ్మ అడిగింది. నేను ఫోన్లో చూశాను. 1776 జులై 1న స్వాతంత్ర్యం ఇప్పుడే వద్దని వాదించాడు, 2న ఓటింగ్‌కి రాకుండా ఊరుకున్నాడు. ఆయనా, రాబర్ట్ మోరిస్ అనే ఇంకో సభ్యుడూ ఓటెయ్యకపోవడంతో, ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా మూడు రెండు ఓట్లతో సై అంది. డిక్లరేషన్ మీద ఆయన సంతకం లేదు. తర్వాత తన దళంతో కాపలాకి వెళ్ళాడు, మా న్యూజెర్సీ ఎలిజబెత్‌కే. రోజూ ఆఫీసు రైల్లో ఆ స్టేషన్ దాటుతాను, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"పాపం, అర్జీ రాసిన చెయ్యి కదా, చటుక్కున మారదు" అన్నారు నాన్న. పులిహోరలో పల్లీలు ఏరి నా ప్లేట్లో వేశారు.

గ్యారేజీకి వచ్చేసరికి మిషను టికెట్టు మింగేసి రోజంతటికీ కట్టమంది. మేమున్నది నాలుగు గంటలు. బోర్డు మీద నంబరుకి ఫోన్ చేస్తే, ఫిర్యాదులు ఈమెయిల్లో పంపమని రికార్డింగ్ వచ్చింది. కార్డు గీకి బయటికొచ్చాను. బ్రిడ్జి ఎక్కేదాకా తిడుతూనే ఉన్నాను.

"రాయి మరి" అన్నారు నాన్న పక్క సీట్లోంచి. "ముందు వినయంగానే రాయి. కాపీ దాచుకో."