అరకు రైలులో ఆ కొన్ని గంటలు

నిద్ర కరువై నెలలు గడుస్తున్న నన్ను, కొండగాలి తగిలితే మనసు కుదుటపడుతుందని ఇంట్లోవాళ్లు పోరి పంపగా, శ్రావణమాసపు ముసురులో విశాఖపట్నంలో పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజరు ఎక్కాను. 2017లో వచ్చిన పెద్ద అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్టు ధర మామూలు పెట్టెకు ఎన్నో రెట్లు ఉండటంతో మామూలు పెట్టెలోనే కూర్చున్నాను. పచ్చదనం చూసినందుకు అంత వసూలు చేయడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఎస్.కోట దాటేవరకూ ఫోనులో ఆఫీసు మెసేజ్‌లే చదువుతూ కూర్చున్నాను. ఎదురు సీటులో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని మనవడితో ఇంటికి వెళుతున్న ఒక పెద్దావిడ ఉన్నారు. ఒక కంటికి కట్టు ఉంది, రెండో కంటికి చూపు మందం. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు కుదుపులకు కన్ను సలుపుతుందని రైలెక్కారట. మనవడు నిద్రపోవడంతో, "శివలింగపురం దాటిందేటి బాబూ?" అని నన్ను అడిగారు.

అప్పటినుంచి ఆమెకు చెప్పడానికే కిటికీలోంచి చూశాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. యాభై ఎనిమిది సొరంగాలు ఉన్నాయి. సొరంగంలో చప్పుడు మారే తీరును బట్టి ఆమె ఊళ్లను పోల్చుకుంటున్నారు, వెలుగులోకి రాగానే నేను మిగతాది పూరిస్తున్నాను: మబ్బు ఏ కొండను కప్పింది, వాగు ఎంత ఎర్రగా పారుతోంది, మళ్లలో నాట్లు ఎక్కడిదాకా వచ్చాయి. టైడా దగ్గర ఫోను సిగ్నల్ పోయిన సంగతి బొర్రా గుహలు దాటాక గానీ నాకు తెలియలేదు. యాత్ర మనసుకు మంచిదనేవారు చోటు మారడం గురించే చెబుతారు, కానీ గుండెల మీది బరువు తగ్గింది నా కళ్లు మరొకరికి పనికొచ్చిన ఆ గంటల్లోనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆమె కరకవలసలో దిగిపోతూ "మంచిగా సెప్పినావు బాబూ" అన్నారు.

అరకులో గిరిజన మ్యూజియం చూశాను, కాఫీ తాగాను, బొంగు చికెన్‌కు అడిగినంతా ఇచ్చుకున్నాను. మళ్లీ వెళితే వలిసె పూలు పూసే చలికాలంలో, మామూలు పెట్టెలోనే వెళ్లాలని ఉంది. పక్కవారికి చెప్పడానికి అప్పుడు ఇంకా చాలా ఉంటుంది.