రక్తపింజర కరిచాక

కిందటేడు డిసెంబరు రెండో వారం. మా దివిసీమలో కోతలైపోయి, నూర్పిళ్ళు ముగిసి, కొత్త గడ్డి ఇళ్ళకు చేరే రోజులు. సాయంత్రం ఆరు దాటింది. గేదెకు గడ్డి వేద్దామని పెరట్లో వాము దగ్గరకు వెళ్ళాను. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో లైటు లేదు. రోజూ చేసే పనే కదా. మొదట్లోంచి కాస్త గడ్డి లాగుతుంటే బుస్సుమని చప్పుడు మొదలైంది. కుక్కర్లోంచి ఆవిరి పోతున్నట్టు, ఆగకుండా. గోడకు ఆనించిన మరిది సైకిలు టైరులోంచి గాలి పోతోందేమో అనుకుని అటు తిరిగాను. అంతే, ఎడమ పాదం మీద నిప్పుకణిక పెట్టినట్టయింది.

నా కేక విని మా ఆయన టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వాము అంచున చుట్ట చుట్టుకుని ఉంది. గోధుమరంగు ఒళ్ళు, దాని మీద గొలుసులా మూడు వరసల నల్లంచు మచ్చలు. "అమ్మో, పొడపాము! రక్తపింజర!" అంది అత్తయ్య. మరిది కర్ర తీసుకుని చంపబోతే మా ఆయన వద్దని ఆపారు, దూరం నుంచే ఫోనులో ఫొటో తీయించారు. ఆ పూట మేం చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

తర్వాత నలభై నిమిషాలు పోగొట్టుకున్నాం. మోకాలి కింద తువ్వాలు బిగించి కట్టారు. పక్క వీధిలో పసరు వేసే పెద్దాయన్ని పిలిచారు. ఆయన మంచి మనిషి, ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఆయన చేతి మీదుగా బతికామని చెప్పేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నీరుకట్టు, జెర్రిపోతు కరిస్తే విషమే ఉండదు. విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కించదు. వాళ్ళంతా పసరు వేసినా వేయకపోయినా బతికేవాళ్ళే. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని, ఆయన చదువుతున్నది వింటూ, నాకూ తగ్గిపోతుందనే నమ్మాను.

నన్ను కాపాడింది మా తోడికోడలు. తను ఆశా కార్యకర్త. ఆ పూట వేరే వీధిలో బాలింతను చూసి వచ్చేసరికి ఇదీ పరిస్థితి. నా పాదం చూసింది. రెండు గాట్లలోంచి సన్నగా రక్తం కారుతూనే ఉంది, తుడిస్తే మళ్ళీ వస్తోంది. "అక్కా, రక్తం గడ్డకట్టట్లేదు. బావగారూ, 108కి ఫోన్ చెయ్యండి, ఇంకొక్క నిమిషం కూడా ఇక్కడ వద్దు" అంది. అత్తయ్య ఏదో అనబోతే, "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అంటూ వంగిపోయింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఫొటో చూసి తలూపారు. పామును చంపి తేనక్కర్లేదని, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇక్కడ ఇచ్చే మందు ఒకటేనని చెప్పారు. కాలికి బిగించిన తువ్వాలు చూసి మాత్రం ఆయన మొహం మారిపోయింది. పింజర విషం కరిచిన చోట కండను కొరికేస్తుంది, పైన బిగించి కడితే అదంతా అక్కడే నిలిచి కాలు ఇంకా పాడవుతుందట. మందు సిద్ధం చేసుకున్నాకే దాన్ని నెమ్మదిగా వదులు చేశారు.

ఒక గాజు గొట్టంలో నా రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, నర్సమ్మ బల్ల మీద నిలబెట్టింది. 20 నిమిషాలు ఎవరూ కదపకూడదంది. గోడ గడియారం ఒకవైపు, ఆ గొట్టం ఒకవైపు. నేను రెండింటినీ చూస్తూ పడుకున్నాను. మామూలు రక్తమైతే ఆపాటికి జున్నుముక్కలా గట్టిపడాలి. టైమవగానే నర్సమ్మ గొట్టాన్ని మెల్లగా వంచింది. గోరింటాకు రంగు నీళ్ళలా అంచు దాకా జారింది. ఎవరూ ఏమీ అనలేదు. వెంటనే పది సీసాల మందు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు.

పావుగంటకే ఒళ్ళంతా దురద, దద్దుర్లు, వణుకు. మందు పడకపోతే అలా అవుతుందట. తొడకు ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు మందు ఆపి, మళ్ళీ ఎక్కించారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ గొట్టం పరీక్ష. మళ్ళీ జారింది. మళ్ళీ పది సీసాలు. తెల్లవారాక చేసిన పరీక్షలో రక్తం గడ్డకట్టి కదలకుండా నిలబడింది. ఆ గొట్టాన్ని నర్సమ్మ నాకు చూపించడానికి మంచం దగ్గరకు తెచ్చింది.

మంచంలో ఉండగా తెలుసుకున్నాను, ఆ మందు ఎలా తయారవుతుందో. చెన్నై దగ్గర ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి ఒంట్లో విరుగుడు పుడుతుంది. గుర్రాల రక్తం నుంచి దాన్ని వేరుచేసి సీసాల్లో నింపుతారు. పాము నోరు పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిదో, ఆ గుర్రాలు ఎక్కడివో నాకు తెలియదు. వాళ్ళందరికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

గండం గడిచిందనుకునేలోపు మూత్రం తగ్గిపోయింది. వచ్చిన కాస్తా టీ డికాక్షన్ రంగులో ఉంది. మొహం ఉబ్బింది. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మూడో రోజుకు 5.6. విజయవాడ పంపారు. మెడ పక్కన గొట్టం పెట్టి ఐదుసార్లు డయాలిసిస్ చేశారు. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క పెట్టారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే, మా ఆయన తడిబట్టతో పెదాలు అద్దుతూ కూర్చునేవారు. ఆ నలభై నిమిషాలు వృథా చేయకపోతే కిడ్నీల దాకా వచ్చేది కాదేమో అని ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు. ఎంత త్వరగా మందు పడితే అంత మంచిదని డాక్టర్లు చెప్పారు, అంతకుమించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

పక్క మంచం మీద పదకొండేళ్ళ పాప ఉండేది. నేల మీద చాప వేసుకుని పడుకుంటే రాత్రి కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, ఊపిరి అందక, వెంటిలేటర్ మీద పెట్టారట. మా వార్డుకు వచ్చేసరికి కళ్ళు పూర్తిగా తెరుస్తోంది. ఆ పిల్ల బిస్కెట్ అడిగిన రోజు వార్డంతా పండగే. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58,000 మంది. మేమిద్దరం అందులో చేరలేదు.

24వ రోజు ఇంటికొచ్చాను. పాదం మీద నల్లబడిన చర్మం తీసేసి కట్లు కడుతూ, పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. నీరసం ఎంతకీ తగ్గకపోతే హార్మోన్ల పరీక్ష కూడా చేశారు. రక్తపింజర విషం కొందరిలో మెదడు కింది పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుందట. నాకు దేవుడి దయవల్ల బాగానే ఉంది.

పుండు మానింది గానీ భయం మానలేదు. వంటింట్లో కుక్కర్ ఆవిరి మొదలైతే చాలు, కాళ్ళు చల్లబడిపోయేవి. తోడికోడలు చాలాకాలం గంజి వార్చి అన్నం వండింది, కుక్కర్ పైన అటక ఎక్కించేసింది. పెరటి తలుపు దాటాలంటే గుండె దడ. ఆ రోజుల్లోనే ఒక సంగతి చదివాను. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు విశాఖపట్నంలో ఉండి, మన తీరంలో పాముల మీద 1796లో పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లీషువాళ్ళు తర్వాత ఈ పాముకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ పుస్తకంలో ఆయన రాసుకున్న తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ'. నన్ను కరిచినదానికి మనవాళ్ళు ఇంత ముద్దయిన పేరు పెట్టారా అని ఆశ్చర్యపోయాను. ఎవరో ఒకరు దాన్ని నిదానంగా, భయం లేకుండా చూసి ఉంటేనే కదా ఆ పేరు వచ్చింది.

పెరడు మార్చేశాం. అత్తయ్య వెల్లుల్లి నీళ్ళు, గంధకం చల్లించారు. వాటికి పాము ఆగదని పాములు పట్టే అబ్బాయి వచ్చి చెప్పాడు. "మీ ఇంటికి పాము రాలేదమ్మా, ఎలకలొచ్చాయి, వాటి వెనక ఇదొచ్చింది" అన్నాడు. ధాన్యం బస్తాల కింద, కోళ్ళ గూడు పక్కన బొరియలు చూపించాడు. వామును ఇంటికి దూరంగా బల్ల కట్టించి దాని మీద వేశాం. కట్టెల మోపులు తీసేశాం, తూముకు జల్లెడ బిగించాం, పెరట్లో లైటు పెట్టించాం. పడకలన్నీ మంచాల మీదికి, దోమతెరల్లోకి మారాయి. జెర్రిపోతు కనిపిస్తే ఇప్పుడు ఎవరూ కర్ర తీయరు, ఎలకల్ని తినేది అదే కదా.

ఈ మార్గశిరంలో మళ్ళీ కొత్త గడ్డి వచ్చింది. నా క్రియాటినిన్ 1.1. మొన్న సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు, గేదె అరుస్తోంది. మరిది గమ్‌బూట్లు తొడుక్కుని, టార్చి తీసుకుని వెళ్ళాను. పొడుగు కర్రతో వామును నాలుగు వైపులా తట్టి, ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత పైనుంచి ఒక మోపెడు గడ్డి లాగి గేదె ముందు వేశాను.